చరోదా మోర్‌పంఖీ

సింహాద్రికి బెజ్జం కనబడితే చాలు, చెయ్యి ఊరుకోదు. అది ఆయన తప్పు కాదు, చేసే ఉద్యోగం అలాంటిది. భిలాయి ఉక్కు కర్మాగారంలో, బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర ఆయన డ్యూటీ. కరిగిన ఇనుము తూములోంచి పారడం అయిపోగానే, మడ్‌గన్ అనే యంత్రంతో ఆ తూములోకి తారు కలిపిన మట్టిని దట్టించి దాని నోరు మూయించాలి. తన పెళ్ళికి ముందు చేరిన పని, కొడుక్కి పెళ్ళి చేసేనాటికి కూడా అదే పని. అలవాటు ఇంటిదాకా వచ్చింది. ఫర్నేసు దగ్గర రాలిపడిన మట్టిముద్ద ఏదైనా ఉంటే ఖాళీ టిఫిన్ గిన్నెలో వేసుకొచ్చేవాడు. గేటు దగ్గర వాచ్‌మన్ మూత తీసి, తారు కంపుకి మొహం తిప్పుకుని, "జావో భయ్యా" అనేవాడు. ఆ మట్టితోనే ఖుర్సీపార్‌లోని కంపెనీ క్వార్టర్లో వంటింటి మూల ఎలక కన్నం, పెరట్లో కుళాయి కింద పగులు, కిటికీ చెక్కకి పాత మేకులు పీకిన బెజ్జాలు, అన్నీ పూడ్చేశాడు.

"ఇల్లంతా నువ్వే మెత్తీసినావు, కంపెనీ ఏటి కట్టినాదో మరి," అని ఆయన భార్య నూకమ్మ ఎగతాళి చేసేది. సింహాద్రి నవ్వి ఊరుకునేవాడు. నూకమ్మతో వాదానికి దిగి గెలిచినవాడు ఖుర్సీపార్‌లో ఇంతవరకు లేడు.

ఆ ఇంటికి కోడలుగా వచ్చింది కుముదిని. చరోదా రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. తండ్రి చిన్నారావు గూడ్సు బండి గార్డు. అప్పగింతల వేళ, పాలల్లో ముంచిన పిల్ల చేతుల్ని నూకమ్మ చేతుల్లో పెట్టి ఆడవాళ్ళంతా ఏడుస్తూంటే, చిన్నారావు గబగబా లోపలికి వెళ్ళి లోతులేని మట్టి తొట్టి ఒకటి పట్టుకొచ్చి సింహాద్రి చేతుల్లో పెట్టాడు. అందులో మోర్‌పంఖీ చెట్టు. ఆ ఊళ్ళలో బడి పిల్లలు చదువొస్తుందని పుస్తకాల్లో దాచుకుంటారే, పల్చటి విసనకర్రల్లాంటి ఆకు, ఆ చెట్టే. కాకపోతే ఇది మూరెడు ఎత్తు లేదు. మొదలు మాత్రం మణికట్టంత లావుగా, మెలితిరిగి, తాతల నాటి చెట్టులా ఉంది.

"బావగారూ, స్టేషను కంచెలోంచి పీకి పారేసిన మొక్క ఇది. అప్పుడు మా పాప ఇంకా లంగాలు కట్టుకునే పిల్ల. అదే పెంచినాది, తీగలు సుట్టి, కొమ్మలు వంచి. పిల్లతో పాటు దీన్ని కూడా మీ సేతుల్లో పెడతన్నాను," అన్నాడు చిన్నారావు. "మా పాప నోరు తెరిచి ఏదీ సెప్పదు. నానొచ్చినప్పుడు ఈ సెట్టుని సూసుకుంటాను. పిల్ల ఎలాగున్నాదో నాకు తెలిసిపోద్ది."

అక్కడున్నవాళ్ళు నవ్వారు, చిన్నారావు కూడా నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. సింహాద్రికి మాత్రం నవ్వు రాలేదు. చేతుల్లో పెట్టింది పెట్టినట్టే పట్టుకుని, చరోదా నుంచి ఖుర్సీపార్ దాకా మెటాడోర్ వ్యానులో ఒళ్ళోనే పెట్టుకు తెచ్చాడు. పెరట్లో, పొద్దుటెండ తగిలేచోట, నాలుగు ఇటుకలు పేర్చి వాటి మీద పెట్టాడు.

"ఇదేటి, తిండి లేక గిడసబారిపోనాది!" అంది నూకమ్మ చూడగానే. పెళ్ళికొడుకు మనోజ్‌కుమార్ మాత్రం "చైనా సినిమాల్లో ఉంటాయమ్మా ఇలాంటివి" అని తనకు తెలిసిన విజ్ఞానం చెప్పి, షిఫ్టుకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఈ కథలో అతనికి పెద్దగా పని లేదు.

కోడలు మామగారి ఎదుట నోరెత్తకూడదు. విజయనగరం పక్క పల్లెల్లో ఎప్పుడో సడలిపోయిన పద్ధతి ఇది. కానీ భిలాయి వచ్చిన మనవాళ్ళు బండెక్కిన రోజున ఊరు ఎలా ఉందో అలాగే పెట్టెలో పెట్టుకు తెచ్చుకున్నారు, పెట్టె విప్పి చూసుకునే తీరిక ఎవరికీ దొరకలేదు. అందుకని ఆ ఇంట్లో మాటలన్నీ నూకమ్మ మీదుగానే నడిచేవి. టీ కావాలా అని కుముదిని అత్తగారిని అడిగేది, అత్తగారు మామగారిని అడిగేది, మామగారు చెప్పిన జవాబు మళ్ళీ అదే దారిన తిరిగొచ్చేది. ముగ్గురూ ఒకే గదిలో ఉన్నా సరే. నూకమ్మ ఇంట్లో లేనప్పుడు సింహాద్రి ఇంట్లోకే వచ్చేవాడు కాదు. సందు చివర టీ బడ్డీ దగ్గర కూర్చుని, ఆవిడ వచ్చేదాకా ఎదురుచూసేవాడు. ఆ పిల్ల అంటే ఇష్టం లేక కాదు. పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని, కర్మాగారం పొగలోంచి రాలిన ఎర్రదుమ్ముని ఆ చెట్టు ఆకుల మీంచి ఒక్కొక్కటే తుడుస్తూంటే, ఆయన మంచం మీద పడుకుని కళ్ళు మూసుకున్నట్టు నటిస్తూ చూసేవాడు. కూతుళ్ళు లేని ఇల్లు అది.

వానలు వెనకపట్టే రోజుల్లో, ఒక మధ్యాహ్నం టీ తాగుతూ సింహాద్రి ఆ చెట్టు మొదట్లో బెజ్జం చూశాడు. బియ్యపు గింజంత బెజ్జం. దాని కింద, తొట్టిలో నాచు మీద, రంపం కింద రాలేలాంటి సన్నటి చెక్కపొడి. చెట్టుని పురుగు తొలుస్తోందని అర్థమైంది. ఆయన గుండె గుభేలుమంది, ఆ వెంటనే కుదుటపడింది కూడా. బెజ్జమే కదా! ఈ జన్మలో తనకి చేతనైన పని ఏదైనా ఉంటే అది బెజ్జం మూయడమే. పెరటి గోడ మీద డబ్బాలో దాచుకున్న నల్లమట్టి తీసి, వేలితో మెత్తగా పిసికి, బెజ్జంలోకి దట్టించి, పైన గోటితో నున్నగా రాశాడు. బెరడు రంగులో కలిసిపోయింది. ఇంత చక్కటి పని మడ్‌గన్ కూడా చేయలేదనుకున్నాడు.

మర్నాడు పొద్దున్న కుముదిని తడిగుడ్డతో వచ్చి, చెట్టు ముందు వంగింది. ఆ మట్టిని వేలితో తాకింది, వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. మంచం వైపు ఒకసారి చూసింది. సింహాద్రి ఠక్కున కళ్ళు మూసుకున్నాడు. ఆ పిల్ల పైట తల మీదికి లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. కృతజ్ఞత కాబోలు అనుకుని ఆయన లోలోపల పొంగిపోయాడు.

కొన్నాళ్ళకి చెట్టుకి అవతలి పక్క పొడి కనబడింది. సింహాద్రి అక్కడా మట్టి పెట్టాడు. ఆ తర్వాత ఇంకాస్త పైన మరొకటి. అది కూడా మూసేశాడు. ఎడం పక్క పెద్ద కొమ్మ ముందు వాడినట్టయింది, తర్వాత ఆకుపచ్చ తగ్గి, ఇనుము తుప్పు రంగుకి తిరిగింది. కుముదిని తుడవడం మానలేదు. ఎండిన ఆకుల్ని కూడా అంతే ఓపిగ్గా తుడిచేది. ఆ పిల్ల మొహం చూస్తే ఆయనకి అన్నం సహించేది కాదు.

"దిష్టి తగిలినాది," అని నూకమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పడేసింది. ఆ తర్వాత కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "మీ వియ్యంకుడు కబురెట్టినాడు. నాగులచవితికి పిల్లని తీసికెళ్ళడానికొస్తాడంట," అంది.

అన్నం తింటున్న సింహాద్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చిన్నారావు వస్తాడు, నేరుగా పెరట్లోకి నడుస్తాడు, సగం ఎండిన చెట్టుని చూస్తాడు. తన పిల్ల ఈ ఇంట్లో ఇలా ఎండిపోతోందనుకుంటాడు. కాదని ఎవరు చెప్పాలి? నోరు తెరిచి ఏదీ చెప్పని పిల్ల చెప్పదు. తను చెబితే, చెట్టు వేరేగా చెబుతోంది కదా. అసలు ఆ మనిషి అనుకున్నది తప్పేనా? ఈ పిల్ల ఇంటికొచ్చి ఇన్ని నెలలైంది, దాని గొంతు ఎలా ఉంటుందో తనకి సరిగ్గా తెలియదు. ఆ ఆలోచన రాగానే ఆయనకి నిజంగా భయం వేసింది.

మర్నాడు మొదటి షిఫ్టు. ఫర్నేసు తూములోంచి ఇనుము పారుతోంది, కాలవలో ఎర్రగా, చూడలేనంత వెలుగుతో. సింహాద్రి మడ్‌గన్ దగ్గర లీవరు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ధార సన్నబడింది. ఇంకా ఆగాడు. తూము చిటపటలాడుతూ నిప్పులు ఉమ్మడం మొదలుపెట్టింది, లోపల సరుకు అయిపోయిందని దాని అర్థం. ఫోర్‌మన్ చెయ్యి ఊపాడు. సింహాద్రి మట్టి దట్టించాడు. తూము నోరు మూసుకుంది. ఎన్నేళ్ళుగానో కళ్ళు మూసుకుని చేస్తున్న పని. ఆ రోజెందుకో చేసిన పనికి తనే ఉలిక్కిపడ్డాడు.

ఖాళీ అయ్యేదాకా ఆగి మూశాడు. ఎప్పుడూ ఆగే మూస్తాడు. లోపల నిండుగా ఉండగా మూసి కూర్చుంటే ఇనుము ఊరుకుంటుందా? గోడ బలహీనంగా ఉన్నచోట చూసుకుని అటునుంచి తన్నుకొస్తుంది. కొత్తగా చేరిన ప్రతివాడికీ తను చెప్పే మొదటి పాఠం అదే. మరి పెరట్లో తను చేసిందేమిటి? పురుగు లోపల ఉండగానే తలుపేసి గొళ్ళెం పెట్టాడు. పాపం అది ఇంకేం చేస్తుంది, చెట్టుని అడ్డంగా తొలుచుకుంటూ పోయి అవతలి పక్క తేలింది. అక్కడా మూశాడు. నిలువునా పోయింది. సింహాద్రి తన నెత్తిన తనే ఒకటి కొట్టుకున్నాడు. హెల్మెట్ ఉంది కాబట్టి సరిపోయింది.

షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి వీధి తలుపు దగ్గర నూకమ్మ చెప్పులు లేవు. భిలాయిలోనే క్యాంప్ 2లో ఉన్న తన చెల్లెలి ఇంటికి వెళ్తానని పొద్దున్నే చెప్పింది. సింహాద్రి కాళ్ళు అలవాటుగా టీ బడ్డీ వైపు తిరిగాయి. నాలుగడుగులు వేసి ఆగాడు. ఇక ఎవరి మీదుగా కబురు పంపుతాడు? వెనక్కి తిరిగి, పెరటి గుమ్మం దగ్గరకొచ్చి, గట్టిగా దగ్గాడు.

కుముదిని చెట్టు ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. గబుక్కున లేచి, పైట తల మీదికి లాక్కుని, గోడవారకి ఒదిగింది. సింహాద్రి ఆ పిల్ల వైపు చూడకుండా కుళాయి వైపు తిరిగాడు.

"సన్నం తీగ ఏదైనా ఉంటే బాగుణ్ణు ఈ ఇంట్లో," అన్నాడు కుళాయితో.

పీట పక్కకి జరిపిన చప్పుడైంది. తర్వాత, వెనకనుంచి, చాలా చిన్న గొంతు చెట్టుతో అంది. "రాగితీగ ఉంది. కొస కొక్కెంలాగ వంచి ఉంచాను. ఎప్పుడో."

"ఎప్పుడో ఉంచినోలు మరెందుకు పెట్టనేదో?" అని కుళాయిని అడిగాడు.

"మట్టి అడ్డంగా ఉంది కదా."

సింహాద్రి చెవులు వేడెక్కాయి. "ఆ మట్టి ఎట్టినోడు ఉత్త బుద్ధిలేనోడు," అని కుళాయికి చెప్పాడు.

"అలా అనకూడదు," అంది ఆ పిల్ల చెట్టుతో, కొంచెం గట్టిగానే.

ఇంతకన్నా మాట్లాడటానికి కుళాయికీ చెట్టుకీ వీలు లేదు, పని ఉంది. సింహాద్రి గోనెలు కుట్టే దబ్బనం తెచ్చి, చెట్టుకి ఒక పక్క గొంతుకూర్చుని, తను పెట్టిన మట్టిని తనే పొడుచుకుంటూ తీశాడు. బాగా గట్టిపడింది, చేసినవాడు పనిమంతుడు మరి. కుముదిని అవతలి పక్క కూర్చుని రాగితీగ లోపలికి పోనిచ్చింది. కొంతదూరం వెళ్ళి ఆగింది. తిప్పింది, లాగింది, తడిసిన చెక్కపొడి తప్ప ఏమీ రాలేదు. పైన ఉన్న బెజ్జంలో ప్రయత్నించింది, అక్కడా అంతే. దారులన్నీ మెలికలు తిరిగిపోయి ఉన్నాయి. ఆ పిల్ల కింది పెదవి కొరుక్కుని లోపలికి వెళ్ళి, దీపపు బుడ్డీలోంచి కాస్త కిరసనాయిలూ, ఇంకు పోసుకునే ఫిల్లరూ పట్టుకొచ్చింది. పై బెజ్జంలోకి చుక్కచుక్కగా వదిలింది. సింహాద్రి కింది బెజ్జం మీద కళ్ళు పెట్టాడు. కాసేపటికి అక్కడ పొడి కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. గోధుమరంగు తల ఒకటి బయటికి తొంగిచూసి, వెలుతురు గిట్టనట్టు వెనక్కి తగ్గబోయింది.

"అరే మావయ్యా, పట్టుకోండి! జల్దీ! లోపలికి పోతోంది, పట్టుకోండి!"

ఖుర్సీపార్ అంతా వినపడేలా అరిచింది. సింహాద్రి బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టేశాడు. మెల్లిగా, తెగకుండా లాగాడు. తెల్లగా, మడతలు మడతలుగా, మినపగుళ్ళు తిని బలిసినట్టున్న పురుగు చేతిలోకొచ్చింది.

"దొరికినాదమ్మా!" అన్నాడు. "దొరికినాది, సూడు!"

అన్నాక ఇద్దరికీ తెలిసొచ్చింది. పిల్ల తల మీద పైట లేదు, ఎప్పుడు జారిందో. మామగారు కోడలి మొహంలోకి సూటిగా చూస్తున్నాడు. ఇద్దరి మధ్యా ఒక పురుగు మెలికలు తిరుగుతోంది. ముందు కుముదినికి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, కాలేదు. ఆ నవ్వు చూసి సింహాద్రికి కూడా వచ్చింది. ఇక కుళాయి వైపు తిరగడం ఎలాగో ఆయనకి తెలియలేదు.

"నానే ఆ మట్టి ఎట్టినానని నీకు ముందే తెల్సా?" అన్నాడు.

"తారు వాసన కదా మావయ్యా. మీ బట్టలు ఉతికేది నేనే. మట్టి తీసేయమని మీతో చెప్పమన్నాను అత్తయ్యని. ముచ్చటపడి పెట్టారు, తీస్తే నొచ్చుకుంటారు, ఉండనీ అన్నారు."

ఆయనకి కోపం రాలేదు. నొచ్చుకుంటానని నూకమ్మ అనుకోవడంలో తప్పేముంది? నొచ్చుకునేవాడే. తను కళ్ళు మూసుకుని పడుకున్నాడు, ఈ పిల్ల పైట లాక్కుని వెళ్ళిపోయింది, ఆవిడ మధ్యలో మాట మింగేసింది. ముగ్గురూ మర్యాదగానే ఉన్నారు. దెబ్బ చెట్టు మీదకొచ్చింది. "నా తప్పేనమ్మా," అన్నాడు ఆయన.

"చెప్పకపోవడం నాదీ తప్పే," అంది కుముదిని. తర్వాత పనిలో పడి, బెజ్జాలన్నీ తీగతో శుభ్రం చేసి, ఒక్కోదాంట్లో చిన్న దూదిపింజ కూరింది. "హా, ఇప్పుడు మూయండి. ఇప్పుడు మీ పనే. కానీ తారు లేని మట్టి కావాలి, తారుకి బెరడు మాడుతుంది."

సింహాద్రి పెరటి మూల బంకమట్టి తవ్వి తడిపాడు. జీవితంలో ఏ తూముకీ తీసుకోనంత శ్రద్ధ తీసుకుని మూశాడు. చివరిది నున్నగా రాస్తుండగా నూకమ్మ సంచీతో గుమ్మంలోకొచ్చింది. మామా కోడలూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఆవిడ నోరు తెరిచింది, చాలాకాలానికి మొదటిసారి అందులోంచి మాట రాలేదు.

"పురుగు దొరికినాదే," అన్నాడు సింహాద్రి.

నూకమ్మ సంచీ కింద పెట్టి, చెట్టునీ కోడలినీ మార్చి మార్చి చూసింది. "నీరసంగా ఉన్నాది కదాని రోజూ నాను బియ్యం కడుగునీళ్ళు పోసినాను," అంది చివరికి, ఎవరూ అడక్కుండానే. "దానికేటీ పర్వాలేదు కదా?"

కుముదిని తల పట్టుకుంది. వేళ్ళు ఎప్పుడూ తడిలో నానుతుంటే చెట్టు నీరసపడుతుందని, నీరసపడిన చెట్టునే కీడాలు, అంటే పురుగులు, వెతుక్కుంటూ వస్తాయని, అత్తగారికి మెల్లిగా, సగం హిందీలోనూ సగం తెలుగులోనూ చెప్పింది. నూకమ్మ శ్రద్ధగా విని, "మరి ముందే సెప్పొచ్చు కదే!" అని కోప్పడింది.

ఎండిన ఎడం కొమ్మ మాత్రం మళ్ళీ చిగురించలేదు. కుముదిని దాని బెరడంతా చాకుతో తీసేసి, చెక్కని గీకి, గరుకు కాగితంతో రుద్దింది. కొట్టేస్తుందేమోనని సింహాద్రి పక్కనే తచ్చాడాడు. "తీయను మావయ్యా. చచ్చిన కొమ్మని తెల్లగా చేసి ఇలా ఉంచుతారు, చెట్టు పెద్ద వయసుదానిలా కనబడుతుంది," అంది. మిగిలిన సగం పచ్చగానే ఉంది. దాని కొసల్లో లేత రంగు కూడా తిరిగింది. అయినా మొదటిసారి చూసే కంటికి మాత్రం ముందు ఆ తెల్లటి ఎముకే కనబడుతుంది. చిన్నారావు ఏమనుకుంటాడోనని సింహాద్రికి దిగులు పోలేదు.

చవితి ముందు రోజు పొద్దున్న చిన్నారావు వచ్చాడు. చెప్పులు విడిచి, నూకమ్మ ఇచ్చిన మంచినీళ్ళు ఒక్క గుక్క తాగి, అనుకున్నట్టే సరాసరి పెరట్లోకి నడిచాడు. సింహాద్రి వెనకే వెళ్ళాడు. చిన్నారావు ఇటుకల ముందు గొంతుకూర్చుని, ఆ తెల్లటి కొమ్మని చూశాడు. మొదట్లో పూడ్చిన బెజ్జాల మీద వేలు పెట్టి తడిమాడు.

"ఏటైనాది బావగారూ దీనికి?" అన్నాడు, తల ఎత్తకుండా. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, భయం ఉంది.

సింహాద్రి రాత్రంతా మాటలు సిద్ధం చేసుకున్నాడు. "బావగారూ, అదీ..." అని ఆగిపోయాడు.

వంటింట్లోంచి, పోపు చిటపటల మీదుగా, గట్టిగా గొంతు వినబడింది.

"మావయ్యా! ఆ మట్టి సంగతి నాన్నకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా? మీరే చెప్పండి, నేనైతే నవ్వుతాను!"

చిన్నారావు తల ఎత్తాడు. వంటింటి కిటికీ వైపు చూశాడు, సింహాద్రి వైపు చూశాడు, మళ్ళీ కిటికీ వైపు చూశాడు. చరోదాలో తన సొంత ఇంట్లో, తన కూతురు అంత గట్టిగా మాట్లాడగా ఆయన ఎప్పుడూ వినలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాడు. చెట్టుకి వీపు పెట్టి మంచం మీద కూర్చుని, కండువాతో మొహం తుడుచుకున్నాడు, కళ్ళ దగ్గర కాస్త ఎక్కువసేపు.

"సెట్టుని తర్వాత సూస్తాను లెండి," అన్నాడు. "ముందు ఆ మట్టి సంగతేటో సెప్పండి."